మేనేజరుగారు ఏం వింటున్నట్టు

గులాబీలకు కొత్త ఎరువు వెయ్యాలి. చిక్కుడు తీగ పందిరి దిగి పక్కింటి గోడ ఎక్కేస్తోంది, దాన్ని ఇటు మళ్ళించి తాడుతో కట్టాలి. కారుతున్న కుళాయికి గుడ్డ చుట్టాలి. ఆరేసిన బట్టలు తియ్యాలి. అత్తగారి మంచం మీద దుప్పటి మార్చాలి. ఆఫీసుకు ఫోన్ చేసి రేపు పొద్దున్నే వచ్చేస్తానని చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, అత్తగారూ వాళ్ళూ ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేలోగా పిల్లిని పట్టుకుని, బుట్టలో పెట్టి, మూత బిగించాలి.

వీటిలో ఒక్క పనీ కాలేదు. కోడలు తోటలో సిమెంటు బల్ల మీద చెట్టుకు కట్టేసినట్టు కదలకుండా కూర్చుని ఉంది. పట్టుకోవలసిన పిల్లి ఆమె ఒళ్ళో పడుకుని ఉంది.

ఇదెలా జరిగిందో ఆమెకు ఇంకా అంతుపట్టడం లేదు. ఇంటిల్లిపాదీ ఆ పిల్లిని మేనేజరుగారు అంటారు. ఏ పనీ చెయ్యకుండా అందరి పనీ కళ్ళు చికిలించి చూస్తూ ఉంటుంది కనక అత్తగారు పెట్టిన పేరది. బూడిదరంగు ఒళ్ళు, ఒక చెవి కొస కొరికేసినట్టు ఉంటుంది. అత్తగారి ఒళ్ళో తప్ప ఎక్కడా పడుకోని పిల్లి, ఆవిడ ఆపరేషను చేయించుకుని వచ్చిన దగ్గర్నుంచి ఎవరి దగ్గరికీ రావడం మానేసింది. నీళ్ళ డ్రమ్ము వెనక ఉంటుంది, గోడమీద ఉంటుంది, గిన్నెలో పాలు పోసి అందరూ లోపలికి వెళ్ళాకే దిగుతుంది. అలాంటిది, ఇందాక ఆమె ఎరువు పొట్లం తెచ్చుకుని బల్లమీద కూర్చుని, కళ్ళజోడు లోపల మర్చిపోయానే అనుకుని, మళ్ళీ లేవడానికి బద్ధకించి, పొట్లం మీద చీమతలకాయలంత అక్షరాలను కూడబలుక్కుంటూ పైకి చదవసాగింది. 'ఈ ఎరువును మొక్క మొదలుకు... ఆనకుండ చుట్టును... పాదు చేసి...' అంతే. డ్రమ్ము వెనక నుంచి ఒక తలకాయ. ఆ తర్వాత మేనేజరుగారు పూర్తిగా. తొందరేమీ లేకుండా, తన కుర్చీకి తాను వస్తున్న మనిషిలా నడిచివచ్చి, బల్లెక్కి, ఒళ్ళో రెండుసార్లు తిరిగి, ముడుచుకుని పడుకుంది.

ఇప్పుడు పట్టుకోవడం ఎంతసేపు? రెండు చేతులూ బిగిస్తే చాలు, బుట్ట కాళ్ళ దగ్గరే ఉంది. కానీ చేతులు బిగియలేదు. ఎందుకొచ్చావు నువ్వు, అని ఆమె మనసు ఆ వెచ్చటి బరువు చుట్టూ తిరుగుతోంది, ఇన్ని రోజులూ రానిది ఇవాళెందుకు వచ్చావు, పాల కోసమా, కాదు, పాలు అక్కడే ఉన్నాయి, ఎండ కోసమా, ఎండ గోడమీదే ఎక్కువుంది. చదవడం ఆపింది. పిల్లి తలెత్తి ఆమె ముఖంలోకి చూసింది, కౌంటరు దగ్గర గుమాస్తా ఉన్నట్టుండి లేచి వెళ్ళిపోతే చూసే చూపు. "ఏంటి మేనేజరుగారూ?" అంది మెల్లగా. చెవులు వెనక్కి పోయాయి, వెనక కాళ్ళలో కండ బిగిసింది, ఇక దూకేస్తుందనిపించింది. గబగబా పొట్లం ఎత్తి, 'పాదు చేసి... చల్లి తగినంత... నీటితో తడుపవలెను' అంది. కండ వదులైంది. తల వాలింది. ఆమెకు నవ్వూ ఆశ్చర్యమూ కలిసి వచ్చాయి. మాట అక్కర్లేదట, చదువే కావాలట. తేడా ఏముంది? నోరు ఒకటే, గొంతు ఒకటే. మళ్ళీ ఆపి చూసింది, మళ్ళీ చదివి చూసింది. మామూలుగా వాక్యం వాక్యంగా, అర్థం తెలిసేట్టు చదివితే ఒక చెవి అనుమానంగా కదులుతోంది. కళ్ళజోడు లేక తడుముకుంటూ, అచ్చులో పంక్తి ఎక్కడ ఆగితే అక్కడ ఆగి, ఆగేముందు గొంతు కాస్త పైకి ఎత్తితే, అదిగో, కళ్ళు మూస్తోంది.

పంక్తి చివర గొంతెత్తడం. ఆ ఇంట్లో అలా చదివే మనిషి ఒక్కరే. అత్తగారికి వాక్యంతో పని లేదు, పంక్తితోనే పని. 'హంతకుడు తలుపు వెనక' అని రాగం తీసి పైకెత్తి, ఊపిరి పీల్చుకుని, 'దాగి ఉన్నాడని ఇన్‌స్పె' అని మళ్ళీ ఎత్తి, 'క్టరుకు తెలుసు' అనేది. ఇన్‌స్పెక్టరును రెండు ముక్కలు చేసినందుకు ఆవిడకేం బాధ లేదు, అచ్చువేసినవాడే చేశాడు మరి. ఆవిడ చదువంతా పెద్దకూతురి ఒకటో తరగతి పుస్తకంతో వచ్చింది. కూతురు గడపలో కూర్చుని బడిపిల్లల పాట రాగంలో పాఠం అప్పజెబుతుంటే, పక్కన కూర్చుని బట్టలు కుడుతూ తానూ నేర్చుకుంది. కూతురు రెండో తరగతికి వెళ్ళింది, మూడుకు వెళ్ళింది, రాగం వదిలేసింది. తల్లి వదల్లేదు. అదే రాగంలో నవలలు చదివింది, వారపత్రికలు చదివింది, దగ్గుమందు సీసామీద కాగితం చదివింది, విత్తనాల పొట్లాలు, పెళ్ళి శుభలేఖలు, కరెంటు మనిషి అంటించి వెళ్ళిన హెచ్చరిక, అన్నీ ఈ బల్లమీద కూర్చునే, మధ్యాహ్నం పూట, ఒళ్ళో మేనేజరుగారు. హత్య నవల అయితే చివరి అధ్యాయం ముందు పుస్తకం మూసేసి, దారినపోయే ప్రతివాళ్ళనీ "చంపిందెవరో చెప్పండి చూద్దాం" అని నిలదీసేది. పాలవాడు చెప్పాల్సిందే, పోస్టుమాను చెప్పాల్సిందే.

కొడుక్కి రాత్రి డ్యూటీ అయిన రోజుల్లో పగటినిద్ర పట్టేది కాదు. కిటికీలోంచి తల బయటికి పెట్టేవాడు.

"అమ్మా, నీకు దణ్ణం పెడతా, కాస్త మనసులో చదువుకోకూడదూ?"

"మనసులో చదివితే నాకెలా వినపడుతుందిరా?"

ఆ జవాబుకు ఇంటిల్లిపాదీ నవ్వుకున్నారు, చుట్టాలందరికీ చెప్పుకుని నవ్వారు. ఇప్పుడు పిల్లి కింద కదలకుండా కూర్చుంటే అందులో నవ్వేది ఏముందని అనిపిస్తోంది కోడలికి. నిజంగానే, మనసులో చదివినప్పుడు వినపడేది ఎవరికి? ఎవరి గొంతు అది? కోడలు మనసులో చదివే మనిషి. వాళ్ళ పుట్టింట్లో కాలేజీ గడప తొక్కింది తనే మొదలు. నాన్న లారీలు నడిపాడు, అమ్మ ఇటుకబట్టీకి వెళ్ళింది, ఇంట్లో అచ్చుకాగితం అంటే గోడమీద క్యాలెండరు ఒక్కటే. పుస్తకాలు లైబ్రరీలోనే ఉండేవి, అక్కడ పెదవి కదిలినా గుమాస్తా బల్లమీద స్కేలుతో టక్కుమని కొట్టేవాడు. అలా నేర్చుకుంది నోరు మూసుకుని చదవడం. అదేదో పెద్దరికం అనుకుంది కూడా. పెళ్ళయి వచ్చేసరికి డిగ్రీ ఇంకా చేతికి రాలేదు, అకౌంట్స్ పేపరు మిగిలిపోయింది. పొద్దున్నుంచి రాత్రిదాకా ఏదో ఒక పని చేతిలో ఉండేది, పుస్తకం పట్టుకునే ఖాళీ ఏదీ? ఒకరోజు ఆమె గిన్నెలు తోముతూ ఉంటే అత్తగారు ఆ పుస్తకం తీసుకుని వచ్చి గట్టుమీద కూర్చుంది. "నువ్వు తోము, నేను చదువుతా. నాకు అర్థం కాకపోతే ఏం, నీకు అర్థమైతే చాలు కదా" అంది. మొదలుపెట్టింది. 'వాడుక వలనను కాలము గడ'... పైకెత్తి... 'చుట వలనను ఆస్తి విలువలో క్రమ'... పైకెత్తి... 'ముగా కలుగు తగ్గుదలయే తరుగుదల'. ఆ ఏడాదంతా ఇంటి వెనక ఆస్తులు, అప్పులు, తరుగుదల, అన్నీ ఒకటో తరగతి రాగంలో మోగాయి. మేనేజరుగారు అప్పుడు అరచేతిలో ఇమిడే పిల్లపిల్లి, ఆ పుస్తకం చప్పుడులోనే పెరిగింది. పరీక్షహాల్లో ప్రశ్న చూడగానే కోడలి చెవిలో ముందు రాగం వచ్చింది, రాగం వెనకే జవాబు వచ్చింది, పంక్తులు ఎక్కడ తెగుతాయో అక్కడే తెగుతూ.

ఆ గొంతు ఇప్పుడు లేదు. మొదట బొంగురుపోయింది, జలుబనుకున్నారు. తర్వాత గడ్డ అన్నారు. తర్వాత, మనిషి దక్కాలంటే గొంతు తీసెయ్యాలన్నారు. మనిషి దక్కింది. మెడకు మెత్తటి గుడ్డ కట్టుకుని, చేతిలో పలక పట్టుకుని ఇంటికి వచ్చింది. ఆవిడ రాకముందే కొడుకు అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు, ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడొద్దు, అమ్మకు మనసు చివుక్కుమంటుంది. నవలలన్నీ మూటకట్టి అటకెక్కించాడు, కంటపడితే బాధపడుతుందని. టీవీ బొమ్మ ఆడుతుంది, నోరుండదు. వదినగారు, అంటే ఆ ఒకటో తరగతి కూతురు, చూడ్డానికి వస్తే గేటు దగ్గర నుంచే గుసగుసలు. మంచి మనసుతోనే చేశారు అందరూ. కోడలూ చేసింది, గిన్నె కింద పెట్టినా చప్పుడు కాకుండా పెట్టింది. ఇల్లంతా కాళ్ళకు గుడ్డలు చుట్టుకుని తిరిగినట్టు తిరిగారు.

పిల్లి డ్రమ్ము వెనక్కి వెళ్ళింది అప్పుడే. అత్తగారు బల్లమీద కూర్చుని అరచెయ్యి చాపేది, బల్లమీద వేళ్ళతో తట్టేది. పిల్లి గోడమీంచి చూసేది. ఆసుపత్రి వాసన అన్నాడు కొడుకు. చీరలు రెండుసార్లు ఉతికారు, దుప్పట్లు ఎండలో వేశారు, పాత పౌడరు డబ్బా వెతికి పూశారు. మందుల వాసన అంత తొందరగా పోదులే అంది వదిన. మెడకు ఉన్న తెల్లగుడ్డ చూసి బెదురుతోందేమో అని రంగుగుడ్డ కట్టారు. ఇన్ని అనుకున్నవాళ్ళు ఆ ఒక్కటీ అనుకోలేదు. చివరికి మొన్న అత్తగారు పలకమీద రాసింది, దానికి నేను గుర్తులేను, దాన్ని అమ్మాయిని తీసుకుపొమ్మనండి. రాసి, పలక బోర్లించి, అటు తిరిగి పడుకుంది. ఆపరేషనుకు తీసుకెళ్ళినప్పుడు కూడా ఆవిడ అలా అటు తిరిగి పడుకోలేదు. అందుకే ఇవాళ కుట్లు చూపించుకుని వచ్చాక వదిన అటునుంచి అటే పిల్లిని తీసుకుని వెళ్ళిపోవాలని నిర్ణయం. బుట్ట కూడా వదినే తెచ్చి పెట్టి వెళ్ళింది.

"ఏమ్మాయ్, ఎవరితో మాట్లాడుతున్నావు?"

గోడవతల రిటైరైన డ్రిల్లు మాస్టారు. గొంతు ఇప్పటికీ మైదానమంత ఉంటుంది. పిల్లి ఒళ్ళు గట్టిపడింది. జవాబు చెప్పకపోతే ఆయన ఊరుకోడు, చెబితే ఇది ఉండదు. కోడలు పొట్లం మీంచి కళ్ళు తిప్పకుండా, అదే రాగంలో చదివింది. "తేమ తగలని చోట భద్ర... పరచవలెను ఎవరితోను... కాదు మాస్టారు పిల్లి... ఒడిలో నున్నది గాన... మీరు కేకలు వేయరాదు..."

మాస్టారు గోడమీంచి తొంగిచూశాడు. "ఎరువు పొట్లం మీద నా సంగతి కూడా రాశారా?" అన్నాడు, ఈసారి మెల్లగా. "ఏం కంపెనీయో కనుక్కుని నేనూ ఒకటి తెచ్చుకుంటా." చెప్పులు చప్పుడు చేస్తూ లోపలికి వెళ్ళిపోయాడు. నవ్వు కడుపులోంచి తన్నుకొస్తోంది, నవ్వితే ఒళ్ళు కదులుతుంది, కదిలితే పిల్లి కదులుతుంది. పళ్ళు బిగబట్టి నవ్వింది, లైబ్రరీలో నవ్వినట్టు.

పొట్లం అయిపోయింది. తయారీదారు చిరునామా కూడా అయిపోయింది. ముందు నుంచి మళ్ళీ చదవబోయి, చదవనక్కర్లేదని తోచి, కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది, 'వాడుక వలనను కాలము గడ...' ఎన్నేళ్ళయిందో ఆ పుస్తకం మూసి, ఒక్క ముక్క పోలేదు. పిల్లి ముందుకాళ్ళు చాపి ఆమె మోకాలిని పిసకసాగింది, పిల్లపిల్లిగా ఉన్నప్పుడు అత్తగారి చీరను పిసికినట్టు. అంటే ఇది నా కోసం రాలేదన్నమాట, అనుకుంది కోడలు. కాస్త చిన్నబుచ్చుకుంది కూడా. నేను వట్టి రేడియోని. ఇది వెతుక్కుంటున్నది ఆవిడని, ఇన్నాళ్ళూ వెతుక్కుంటూనే ఉంది. బల్లమీద కూర్చుని చెయ్యి చాపుతున్న మనిషి ఆవిడేనని దానికి ఎవరూ చెప్పలేదు. మేమంతా నోళ్ళు మూసుకుని, పుస్తకాలు అటకెక్కించి, గుర్తుపట్టే దారి ఒక్కటి ఉంటే దాన్నీ మూసేశాం.

సరే, దొరికింది, కానీ దొరికి ఏం లాభం అనే ఆలోచన ఆ వెంటనే వచ్చింది, వచ్చి గుండెలో కూర్చుంది. ఇప్పుడు ఆవిడ గేటు తీసుకుని వస్తుంది. వచ్చి ఏం చూస్తుంది? తన దగ్గరికి రాని పిల్లి కోడలి ఒళ్ళో, తన బల్లమీద, తన రాగం వింటూ. అంతకన్నా డ్రమ్ము వెనక ఉండడమే నయం కదా. ఇప్పుడే బుట్టలో పెట్టేస్తే? చెప్పినపని చేసినట్టవుతుంది, ఎవరికీ కొత్త బాధ ఉండదు. కోడలు జీవితమంతా చెప్పినపని చేసిన మనిషి. చేతులు పిల్లి నడుం దాకా వెళ్ళాయి కూడా. కానీ గొంతు, ఆమె ఆపకుండానే, 'ఆస్తి విలువలో క్రమ' అని పైకెత్తి ఊపిరి పీల్చుకుంటోంది, ఆ ఊపిరి పీల్పులో ఆమెకు ఒక్కటే తెలుసుకోవాలనిపించింది. ఇది వింటున్నది రాగాన్నేనా? రాగం ఒకచోట, మనిషి ఒకచోట ఉంటే ఎటు వెళుతుంది? బుట్ట మూత పడితే ఆ సంగతి ఇక ఎప్పటికీ తెలియదు.

గేటు గొళ్ళెం కదిలింది.

"దొరికారా మీ మేనేజరుగారు?" వదిన గుసగుసగా అంటూ ముందు వచ్చింది, చూసి అక్కడే ఆగిపోయింది. వెనక కొడుకు, కొడుకు చెయ్యి పట్టుకుని అత్తగారు. ఆవిడ బల్లవైపు చూసింది. ముఖంలో కోపం లేదు. బస్సులో తన సీటులో ఎవరో కూర్చుంటే ఏమీ అనకుండా నిలబడే మనిషి ముఖం అది. కొడుకు చెయ్యి లాగి, ఇంట్లోకి పదమన్నట్టు సైగ చేసింది.

కోడలికి పిలవాలని ఉంది. మామూలుగా పిలిస్తే పిల్లి పోతుంది. చదివింది.

"ముగా కలుగు తగ్గుదలయే తరుగుదల... అత్తయ్యా... మీరు లోపలికి పోరాదు... ఇటు వచ్చి నా పక్కన... కూర్చొనవలెను..."

"దీనికేమైంది?" అన్నాడు కొడుకు. "ఊరుకోరా" అంది వదిన. ఆమె నోటిమీద చెయ్యి పెట్టుకుని ఉంది. ఆ రాగం ఎవరిదో ఆమెకే ముందు తెలిసింది, గడపలో కూర్చుని పాడింది తనే కదా. అత్తగారు మాత్రం కదల్లేదు. తర్వాత ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చి, బల్ల చివర, దూరంగా కూర్చుంది. చెయ్యి చాపలేదు. ఇక చాపదలచుకోలేదన్నట్టు రెండు చేతులూ చీరచెంగులో దాచుకుంది.

కోడలు ఆపలేదు. ఆస్తుల నుంచి అప్పులకు వెళ్ళింది, అప్పుల నుంచి నిల్వలకు. పిల్లి కళ్ళు తెరిచింది. తల తిప్పింది. రాగం ఇక్కడ ఉంది, వాసన అక్కడ ఉంది, ఆసుపత్రిదీ పాత పౌడరుదీ వాటి కింద ఆవిడదీ. ముక్కు గాలిలో కాసేపు అటూ ఇటూ ఆడింది. లేచి, ఒళ్ళు విరుచుకుని, ముందుకాళ్ళు ఆవిడ ఒళ్ళో వేసింది. వెనకకాళ్ళు కోడలి ఒళ్ళోనే ఉంచింది. వంతెనలా అలా కాసేపు నిలబడి, ఇక ఎటూ తేల్చుకోదలచుకోనట్టు, ఇద్దరి మీదా పొడుగ్గా పడుకుంది.

చీరచెంగులోంచి చేతులు బయటికి వచ్చాయి. వచ్చి, పిల్లి కొరికిన చెవి దగ్గర ఆగాయి. అత్తగారి పెదవులు కదులుతున్నాయి. శబ్దం లేదు, ఊపిరి మాత్రం మెడ దగ్గర గుడ్డను కదిలిస్తోంది. పంక్తి చివర రాగానే గడ్డం పైకి లేస్తోంది. ఇక్కడ గొంతు, అక్కడ గడ్డం, కింద పిల్లి గుర్రుమంటున్న చప్పుడు ఇద్దరి తొడల్లోకీ పాకుతోంది. మధ్యలో కోడలు ఒకచోట తప్పింది, 'చరాస్తులు' అని ఒక్క ఊపులో అనేసింది. అత్తగారి వేలు ఆమె మోకాలి మీద టక్కున తట్టింది. అలా కాదు. 'చరా' దగ్గర పంక్తి అయిపోయింది, అక్కడ ఎత్తాలి. కోడలు వెనక్కి వెళ్ళి, ఎత్తి, మళ్ళీ చదివింది. ఆవిడ తల ఊపింది.

"మరి ఈ బుట్టేం చెయ్యను?" అంది వదిన, ముక్కు తుడుచుకుంటూ.

"నువ్వు కూర్చో అందులో," అన్నాడు కొడుకు. గట్టిగా అన్నాడు. ఆ ఇంట్లో అంత గట్టి మాట వినపడి చాలా రోజులైంది. అని, నిచ్చెన కోసం ఇంట్లోకి వెళ్ళాడు, అటక మీది మూట దింపడానికి.

ఆవిడ గొంతు తిరిగి రాలేదు, రాదు కూడా. చదవడం ఇప్పుడు తలా ఒక పూట, ఆవిడ పక్కన కూర్చుని తప్పు ఎత్తిన చోటల్లా మోకాలి మీద తడుతుంది. ఈ కథను మీరు ఇంతదాకా మనసులోనే చదువుకుంటూ వచ్చి ఉంటారు, అందులో తప్పేమీ లేదు. అయినా ఒక చిన్న కోరిక. ఎప్పుడైనా ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు, ఏదో ఒక కాగితం తీసుకుని, మందుసీసాదైనా సరే, నాలుగు పంక్తులు పైకి చదవండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. పంక్తి చివర గొంతు కాస్త ఎత్తి, ఊపిరి పీల్చుకునే ఆ క్షణంలో, ఆ బల్లమీద గడ్డం ఎత్తి కూర్చున్న ఆవిడను ఒక్కసారి తలుచుకోండి.